టీనేజర్ల చేతికి కెమెరా ఇచ్చి ఆరోగ్యం గురించి అడగాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల బృందంతో మీరు పనిచేస్తున్నారు. వాళ్ల ఆరోగ్యాన్ని ఏవి నిలబెడుతున్నాయో, ఏవి దెబ్బతీస్తున్నాయో వాళ్ల నోటనే వినాలనుకున్నారు. ప్రశ్నపత్రం ఇస్తే అందరూ పాఠ్యపుస్తకంలో ఉన్న జవాబులే రాసిచ్చారు. అందుకని ఫోటోలు తీయిద్దామన్న ఆలోచన వచ్చింది. ఇది పనిచేస్తుందా, ఏమని చెప్పి పంపాలి, వచ్చిన ఫోటోలతో ఏం చేయాలి, ఏ చిక్కులు రావచ్చు, ఎన్ని వారాలు పడుతుంది అన్నవి మీ సందేహాలు. ఫోటోలు సోషల్ మీడియాలోకి వెళ్తాయేమోనన్న భయం కూడా చెప్పారు.

పనిచేస్తుంది. ఈ వయసు పిల్లలతో ఆరోగ్యం గురించి మాట్లాడటానికి నాకు తెలిసిన దారుల్లో ఇదే మంచిది. అయితే ఒక మాట ముందే చెప్పాలి. ఫోటో తీయడం ఇందులో చిన్న భాగం. తీసినవాళ్లే దాని గురించి మాట్లాడటం, ఆ మాట వినాల్సినవాళ్లు వచ్చి వినడం, ఇవి రెండే పెద్ద పనులు. చాలాచోట్ల కెమెరాల మీద, ఫోటోల పోటీ మీద శ్రద్ధంతా పెట్టి ఈ రెంటినీ చివరి వారానికి వదిలేస్తారు. అప్పుడు గోడ నిండా అందమైన ఫోటోలు మిగులుతాయి గానీ పిల్లల గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. మీ దగ్గరున్న సమయంలో మూడో వంతు తీయడానికి, మిగతాదంతా మాట్లాడటానికి పెట్టుకోండి.

నేను కౌమార ఆరోగ్య కార్యక్రమాల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. పిల్లలతో ఇలాంటి ఫోటో బృందాలు నడుపుతూ వస్తున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచి వచ్చిందే.

ఈ పద్ధతికి ఫోటోవాయిస్ అని పేరు. కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే ఇద్దరు 1990ల మొదట్లో చైనాలోని యునాన్ ప్రావిన్స్‌లో పల్లె మహిళలతో దీన్ని మొదలుపెట్టారు. 62 మంది మహిళలకు కెమెరాలు ఇచ్చి తమ పనిని, ఆరోగ్యాన్ని, రోజువారీ బతుకును ఫోటోలు తీయమన్నారు. 1997లో ప్రచురించిన వ్యాసంలో ఈ పద్ధతికి మూడు లక్ష్యాలు చెప్పారు. తమ చుట్టూ ఉన్న బలాలనూ ఇబ్బందులనూ తామే నమోదు చేసుకోవడం, ఫోటోల చుట్టూ కూర్చుని లోతుగా మాట్లాడుకోవడం, విధానాలు తయారుచేసేవాళ్ల దాకా ఆ మాటను తీసుకెళ్లడం. బ్రెజిల్ విద్యావేత్త పౌలో ఫ్రెయిరీ అంతకు చాలా ముందే వయోజనులకు అక్షరాలు నేర్పేటప్పుడు వాళ్ల నిత్యజీవితపు బొమ్మలు ముందు పెట్టి చర్చ నడిపేవారు. ఆ ఆలోచన ఈ పద్ధతికి ఒక పునాది.

టీనేజర్లకు ఇది ప్రత్యేకంగా ఎందుకు నప్పుతుందంటే, ప్రశ్నపత్రం పెద్దవాళ్లు రాసింది. జవాబు ఏది వస్తే మెచ్చుకుంటారో పిల్లలకు చదవగానే తెలిసిపోతుంది. మీ ప్రశ్నపత్రంలో జరిగింది అదే. ఫోటోకు అలాంటి సరైన జవాబు ఉండదు. పైగా ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ ‘నీ సమస్య చెప్పు’ అంటే నోరు విప్పని పిల్లలు, టేబుల్ మీద ఒక ఫోటో ఉంటే దాన్ని చూస్తూ మాట్లాడతారు. చూపు ఫోటో మీద ఉంటే మొహమాటం తగ్గుతుంది.

‘ఆరోగ్యం గురించి ఫోటో తీసుకురండి’ అని మాత్రం చెప్పకండి. అలా చెబితే మొదటి వారం ఏం వస్తుందో నేను ఇప్పుడే చెప్పగలను. పళ్ల బుట్ట, పరుగెత్తే బూట్లు, నీళ్ల గ్లాసు, సిగరెట్ పీక. ఆరోగ్యం అన్న మాట వినగానే వాళ్లకు గోడ మీది పోస్టర్లు గుర్తొస్తాయి. వాటికే ఫోటో తీసి తెస్తారు. పిల్లల తప్పేమీ లేదు, ఆ మాటను వాళ్లు ఎప్పుడూ అలాగే విన్నారు.

దానికి బదులు రోజులోకి దిగే ప్రశ్న ఇవ్వండి. నేను ఎక్కువగా వాడేవి ఇవి: నిన్న నీకు ఎక్కడ ఊపిరి తేలిగ్గా తీసుకోగలిగినట్టు అనిపించింది? రోజులో ఏ చోటు దాటేటప్పుడు అడుగులు వేగంగా పడతాయి? నిన్ను నిద్రపోనివ్వనిది ఏది? నీకు బాగోలేనప్పుడు ఎవరి దగ్గరికి, ఎక్కడికి వెళ్తావు? నువ్వు చేయాలనుకుని చేయలేకపోతున్నది ఏమిటి, దానికి ఏది అడ్డం?

వారానికి ఒక్క ప్రశ్న చాలు. ఇంకో సంగతి, సగం ప్రశ్నలు మేలు చేసేవాటి గురించి ఉండాలి. ఎప్పుడూ సమస్యలే అడిగితే పిల్లలు తమ చుట్టుపక్కలను ఒక చెత్తకుప్పలా చూపించడం మొదలుపెడతారు. అది వాళ్లకూ మంచిది కాదు, నిజమూ కాదు. ఒక వారం ‘నిన్ను నిలబెట్టేది ఏది’ అని అడిగితే ఒక అబ్బాయి ఇంటి మెట్ల మీద మూడో మెట్టు ఫోటో తెచ్చాడు. సాయంత్రాలు వాడూ వాళ్ల అక్కా అక్కడ కూర్చుని మాట్లాడుకుంటారట. ఏ ప్రశ్నపత్రంలో దొరుకుతుంది ఆ మూడో మెట్టు?

ఇప్పుడు ఒక ఉదాహరణ కొంచెం వివరంగా చెబుతాను. దీన్ని చూస్తే ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది.

ఒక అమ్మాయి తెచ్చిన ఫోటో దాదాపు మొత్తం నల్లగా ఉంది. కుడివైపు పైన ఒక చిన్న పసుపు చుక్క, కింద తడిసిన నేల మీద దాని మెరుపు. అంతే. ఆ రోజు చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన ‘ఇది సరిగ్గా రాలేదమ్మా, ఇంకోటి తీసుకురా’ అన్నారు. ‘సరిగ్గానే వచ్చిందండీ, అక్కడ అలాగే ఉంటుంది’ అంది ఆ అమ్మాయి. అది ఆటల మైదానం నుంచి బస్ స్టాప్‌కు వచ్చే దారి. మధ్యలో రెండు దీపస్తంభాలు ఉన్నాయి, ఒకటి చాలా నెలలుగా వెలగడం లేదు. రోజులు పొట్టిగా ఉండే కాలంలో ప్రాక్టీస్ అయ్యేసరికి చీకటి పడిపోతుంది. ఆ అమ్మాయి టీమ్ మానేసింది.

ఇంట్లో మాత్రం ‘ఇంక ఆడాలని లేదు’ అని చెప్పిందట. భయంగా ఉందని చెబితే సాయంత్రం ఎక్కడికీ పంపరేమోనని ఇంకో భయం. అంతకుముందు ఎవరో ఇచ్చిన ప్రశ్నపత్రంలో ‘వ్యాయామం ఎందుకు చేయడం లేదు’ అన్నదానికి ‘ఆసక్తి లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టింది. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ టిక్కును చూసినవాళ్లు ఈ అమ్మాయికి ఆ విషయం మీద ఒక ఉపన్యాసం ఇచ్చి ఉండేవాళ్లు. కావలసింది ఒక బల్బు.

ఆ ఫోటో టేబుల్ మీద పెట్టాక బృందంలో ఇంకో ముగ్గురు అమ్మాయిలు అదే దారి గురించి మాట్లాడారు. ఒకరు చుట్టు తిరిగి వెళ్తారు, ఒకరు ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు నటిస్తూ నడుస్తారు. రోజూ అదే దారిన వెళ్లే ఒక అబ్బాయి ‘అక్కడ లైటు లేదని నేను ఎప్పుడూ గమనించలేదు’ అన్నాడు. ఆ మాట తర్వాత గదిలో జరిగిన చర్చ నేను ఏ పాఠంతోనూ పుట్టించలేను. మరుసటి వారం వాళ్లే ఒక ఉపాయం చేశారు. ఒకే చోట నిలబడి ఐదింటికి, ఆరింటికి, ఏడింటికి మూడు ఫోటోలు తీసి పక్కపక్కన అతికించారు. అవి చూసిన కోచ్ ప్రాక్టీస్‌ను అరగంట ముందుకు జరిపారు. దీపం బాగుపడటానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఈ చివరి మాట మీరు మీ పిల్లలకు కూడా ముందే చెప్పాలి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

కెమెరా ఇచ్చే ముందు ఒక పూట మొత్తం అనుమతుల గురించి, జాగ్రత్తల గురించి మాట్లాడండి. దీన్ని అరగంటలో ముగించకండి. వాంగ్, మరో సహ రచయితతో కలిసి 2001లో కేవలం ఈ నైతిక విషయాల మీదే ఒక వ్యాసం రాశారు. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో నడిపిన ఫోటోవాయిస్ అనుభవం మీద ఆధారపడి రాసింది అది. అంటే ఈ పద్ధతి మొదలుపెట్టినవాళ్లకే ఇది ఎంత సున్నితమైన విషయమో తెలుసు.

అనుమతి మూడు వైపుల నుంచి కావాలి. పాల్గొనే పిల్లల దగ్గర, వాళ్ల తల్లిదండ్రుల దగ్గర, ఫోటోలో మనిషి కనబడితే ఆ మనిషి దగ్గర. తల్లిదండ్రులు సంతకం పెట్టినంత మాత్రాన సరిపోదు. పిల్ల తనకు ఇష్టం లేదంటే అక్కడితో ఆగాలి. ఫోటోను బయట ప్రదర్శించడానికి మళ్లీ విడిగా అడగాలి, ఎందుకంటే బృందంలో చూపించడానికి ఒప్పుకున్న ఫోటోను గోడ మీద పెట్టడానికి ఒప్పుకోకపోవచ్చు. మీ దగ్గరి చట్టం, మీ సంస్థ నియమాలు ఇంకేం అడుగుతున్నాయో కూడా చూసుకోండి.

నా బృందాల్లో నేను పెట్టే నియమం ఇంకా కఠినం: ముఖాలు వద్దు. చేతులు, వీపు, నీడ, బూట్లు, ఖాళీ కుర్చీ, ఏదైనా తీయండి, ఎవరినీ గుర్తుపట్టేలా తీయకండి. మొదట పిల్లలు గొణుగుతారు. తర్వాత చూస్తే ఆ నియమం వల్లే ఫోటోలు బాగా ఆలోచించి తీస్తారు. నిద్రపోతున్నవాళ్లను, ఏడుస్తున్నవాళ్లను, స్నానాల గది, టాయిలెట్, బట్టలు మార్చుకునే గది లాంటి చోట్లను తీయకూడదు. ఎవరైనా తప్పు పని చేస్తుంటే తీయకూడదు, అది పిల్లల ప్రాణం మీదికి వస్తుంది. రోడ్డు మధ్యలో, గోడ ఎక్కి, రైలు పట్టాల దగ్గర ఏ ఫోటో వద్దు. ‘ఎంత గొప్ప ఫోటో అయినా సరే, అలా తీసుంటే మనం చూడం’ అని ముందే తేల్చి చెప్పండి.

ఫోన్లలో ఇంకో చిక్కు ఉంది. ఫోటో ఫైలులో తీసిన చోటు కూడా నమోదవుతుంది. ఆ ఫైలును అలాగే పంచితే పిల్ల ఇల్లు ఎక్కడో ఎవరైనా చూసుకోవచ్చు. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయడం మొదటి రోజే అందరితో కలిసి చేయించండి. ఫోటోలను వాట్సాప్ గ్రూపులో పెట్టించకండి. అక్కడికి వెళ్లిన ఫోటో ఎవరి ఫోన్లలో దిగుతుందో, అక్కడినుంచి ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. ప్రతి పిల్ల నేరుగా మీకు ఇవ్వాలి, మీరు తాళం ఉన్న ఒక చోట దాచాలి. సోషల్ మీడియా గురించి మీరు భయపడ్డారు కదా, ఆ భయం సరైనదే. ఫోటో తీసినవాళ్లదే, ప్రదర్శన తెరిచే రోజు వరకు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు అని చెప్పండి. నెట్‌లో పెట్టాక ఆ మాట నిలబెట్టుకోలేం. అందుకే నేను ఈ ఫోటోలను నెట్‌లో పెట్టను, ఎవరు అడిగినా.

అందరి దగ్గరా ఫోన్ ఉండదు, ఉన్నా ఒకేలాంటివి ఉండవు. వీలైతే అందరికీ ఒకే రకం చవక కెమెరాలు ఇవ్వండి. పాత రోజుల్లో ఒకసారి వాడి పడేసే ఫిల్మ్ కెమెరాలతో చేసేవారు. 27 ఫోటోలు తీస్తే రీలు అయిపోయేది. ఆ కొరతలో ఒక మేలు ఉండేది, నొక్కే ముందు ఆలోచించేవాళ్లు. ఇప్పుడు వారానికి రెండు వందల ఫోటోలు తీసుకొస్తారు. ఎన్నైనా తీయండి, నా దగ్గరికి మూడు మాత్రమే తీసుకురండి అని చెప్పండి. ఆ మూడింటిని ఏరుకోవడంలోనే సగం ఆలోచన జరుగుతుంది.

ఫోటోగ్రఫీ పాఠం గంట చాలు. వెలుగు ఎటునుంచి వస్తోందో చూసుకో, జూమ్ చేసే బదులు దగ్గరికి నడువు, ఒక ఫోటోలో ఒక్క సంగతే చెప్పు. ఇంతకన్నా నేర్పితే పిల్లలు బాగా వచ్చిన ఫోటోలు తేవాలని చూస్తారు, నిజమైనవి పక్కన పెట్టేస్తారు. ఆ చీకటి దారి ఫోటోను ఏ పోటీలోనూ తీసుకోరు కదా.

దానికి బదులు ఆ సమయాన్ని ఒక కష్టమైన విషయం మీద పెట్టండి. కంటికి కనబడనిదాన్ని, తీయకూడనిదాన్ని ఎలా చూపించాలి? ఒంటరితనం, ఎగతాళి, పరీక్షల టెన్షన్, డబ్బు గురించి ఇంట్లో గొడవ, వీటికి ఫోటో ఎలా? బృందంగా కూర్చుని ఆలోచించమంటే వాళ్లే దారులు వెతుకుతారు. ఒక అమ్మాయి నిండుగా ఉన్న నీళ్ల సీసాను ఫోటో తీసింది. మూత కింద గీత దాకా నీళ్లున్నాయి, వెనక గోడ గడియారంలో బడి వదిలే వేళ. మొదట అందరం అది మంచి అలవాటు గురించి అనుకున్నాం. అసలు సంగతి, పొద్దున నింపుకున్న నీళ్లు సాయంత్రానికి అలాగే ఉన్నాయి. బడి టాయిలెట్ తలుపుకు గొళ్లెం లేదు. నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తుందని రోజంతా తాగదు. టాయిలెట్‌ను తీయకూడదన్న నియమం ఉంది కాబట్టి సీసాను తీసింది. నీళ్లు తక్కువ తాగడం, మూత్రం ఆపుకోవడం ఇన్ఫెక్షన్లకు దారితీస్తాయని ఆరోగ్య కార్యకర్తలందరికీ తెలుసు. ఆ గొళ్లెం సంగతి మాత్రం మాలో ఎవరికీ తెలియదు.

ఇక చర్చ. ఇక్కడే మీ ఓపికకు పరీక్ష.

బృందం ఏడెనిమిది మందిని దాటకుండా చూసుకోండి. అంతకన్నా ఎక్కువైతే నోరున్నవాళ్లే మాట్లాడతారు. ఫోటోలను వీలైతే ప్రింట్ తీయించండి. తెర మీద ఒకటి పోయి ఇంకోటి వస్తుంది. టేబుల్ మీద పరిస్తే చేతిలోకి తీసుకుంటారు, దగ్గరికి తెచ్చి చూస్తారు, రెండు ఫోటోలను పక్కపక్కన పెడతారు.

ఫోటోవాయిస్‌లో చర్చకు ఐదు ప్రశ్నలు వాడుకలో ఉన్నాయి. ఇక్కడ ఏం కనబడుతోంది? నిజంగా ఏం జరుగుతోంది? దీనికీ మన బతుకులకూ సంబంధం ఏమిటి? ఈ పరిస్థితి ఎందుకు ఉంది? దీని గురించి మనం ఏం చేయగలం? మంచి ప్రశ్నలే. కానీ వరసగా ఒకటి నుంచి ఐదు దాకా అడిగితే తరగతి గదిలో అప్పజెప్పించినట్టు ఉంటుంది, పిల్లలు రెండో ఫోటోకే విసుక్కుంటారు. నేను మొదట బృందాన్ని అడుగుతాను, ‘మీకేం కనబడుతోంది’ అని. తీసినవాళ్లను ఆఖర్న మాట్లాడమంటాను. అప్పటికి మిగతావాళ్లు ఊహించింది ఒకటి, తీసినవాళ్లు అనుకున్నది ఇంకొకటి అవుతుంది. ఆ తేడాలోంచే మాట పుడుతుంది.

ఫోటోకు అర్థం మీరు చెప్పకండి. ఎంత స్పష్టంగా కనబడినా సరే. ఒక అబ్బాయి చీకట్లో వెలుగుతున్న ఫోన్ తెర ఫోటో తెచ్చాడు. దుప్పటి మడతల మీద నీలం వెలుగు, తెర మీద అర్ధరాత్రి దాటిన టైము. ఏ పెద్దవాళ్లు చూసినా ఒక్కటే అనుకుంటారు, ఫోన్ వ్యసనమని. వాడు చెప్పింది వేరు. మర్నాటి బడి పని గురించి సందేశాలు రాత్రి పొద్దుపోయాక వస్తాయి, చూడకపోతే పొద్దున తను ఒక్కడే తెలియనివాడవుతాడు. దానికి తోడు పడుకున్నా నిద్ర రాదు. ఇందులో శరీరధర్మం కూడా ఉంది. యుక్తవయసు వచ్చేటప్పుడు శరీరంలోని గడియారం ఆలస్యం వైపు జరుగుతుంది, నిద్ర రప్పించే మెలటోనిన్ ఆలస్యంగా విడుదలవుతుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. తెల్లవారుజామునే లేవాల్సిన పిల్లకు ఆ లెక్క ఎలా కుదురుతుంది? ఆ రోజు బృందం చివరికి అడిగింది ఫోన్లు లాక్కోమని కాదు, రాత్రి ఫలానా సమయం తర్వాత పని సందేశాలు పంపవద్దని. ఆ ఫోటోను చూడగానే నేను ఫోన్ గురించి మాట్లాడి ఉంటే ఆ అడుగు దాకా వెళ్లేవాళ్లం కాదు.

ఐదు ప్రశ్నల్లో ‘ఎందుకు’ అన్నదాని మీద ఎక్కువసేపు ఉండండి. పిల్లలు మొదట తమనే తప్పుపట్టుకుంటారు. ‘మేం బద్ధకస్తులం’, ‘మాకు క్రమశిక్షణ లేదు’ అంటారు. పెద్దలు చెప్పగా విన్న మాటలవి. ‘అందరూ ఒకేసారి బద్ధకస్తులు ఎలా అయ్యారు?’ అని అడిగితే నెమ్మదిగా బయటి కారణాలు వస్తాయి. దారి, సమయం, డబ్బు, ఇంట్లో చోటు, ఎవరి మాట చెల్లుతుంది అన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2008లో ఇచ్చిన నివేదిక చెప్పింది కూడా ఇదే కదా. మనుషులు పుట్టి, పెరిగి, పనిచేసే పరిస్థితులు ఆరోగ్యాన్ని బలంగా నిర్ణయిస్తాయని. పిల్లలు ఆ నివేదిక చదవకుండానే అక్కడికి చేరతారు. అలాగని అన్నిటికీ బయటే కారణం అని కూడా తేల్చేయనివ్వకండి, తమ చేతిలో ఉన్నది కూడా వాళ్లే గుర్తించాలి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఈ చర్చల్లో బరువైన విషయాలు బయటపడతాయి. ఇంట్లో హింస, వేధింపులు, తనను తాను గాయపరచుకోవడం, బతకాలని లేకపోవడం. మానసిక రుగ్మతల్లో దాదాపు సగం 18 ఏళ్ల వయసులోపే మొదలవుతాయని చెబుతారు, కాబట్టి మీ ఏడెనిమిది మందిలో ఎవరో ఒకరికి ఇది సొంత విషయం కావచ్చు. రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి. ‘ఇక్కడ మాట్లాడింది బయట చెప్పం, కానీ ఎవరికైనా ప్రమాదం ఉందని అనిపిస్తే సాయం చేయగలవాళ్లకు చెప్పాల్సి ఉంటుంది, ముందు నీకు చెప్పే చెబుతాను’ అని మొదటి రోజే చెప్పండి. అలాంటప్పుడు ఎవరిని పిలవాలో, ఆ మనిషి ఫోన్ నంబరు, లేకపోతే రెండో మనిషి, కెమెరాలు ఇవ్వకముందే తేల్చుకోండి. ఇవి తేలేదాకా మొదలుపెట్టకండి. గాయాల గుర్తులు, మందుల డబ్బాలు, శరీరం కొలతలు, బరువు చూపించే ఫోటోలు బృందం ముందు పెట్టనివ్వకండి. ఎవరైనా తెస్తే విడిగా కూర్చుని మాట్లాడండి. ఒక ఫోటో గురించి ఎవరైనా చెప్పనంటే బలవంతం లేదు. మౌనంగా పక్కకు జరిపే హక్కు వాళ్లకు ఉంది.

మూడు నాలుగు వారాలయ్యాక ఫోటోలన్నీ ఒకచోట పరిచి పిల్లల చేతే గుంపులు కట్టించండి, పేర్లు కూడా వాళ్లే పెట్టాలి. మీరైతే ‘శారీరక శ్రమ’, ‘మానసిక ఆరోగ్యం’ అని పెడతారు. వాళ్లు ‘మేం వేగంగా నడిచే చోట్లు’ అని పెడతారు. వాళ్లదే ఉంచండి.

తర్వాత ప్రదర్శన. ఎవరిని పిలవాలన్నది మొదటి వారంలోనే నిర్ణయించండి, ఆఖర్న కాదు. తల్లిదండ్రులు, స్నేహితులు వచ్చి చప్పట్లు కొడితే సంతోషమే, కానీ గొళ్లెం వేయించగలిగినవాళ్లు, దీపం వెలిగించగలిగినవాళ్లు రావాలి. ఫ్లింట్‌లో చేసిన ఒక మంచి పని నాకు చాలా ఇష్టం. అక్కడ యువతీ యువకులతో పాటు విధాన నిర్ణేతల చేతికి కూడా కెమెరాలు ఇచ్చి ఫోటోలు తీయించారు. మీకు అంత వీలు లేకపోయినా, ఆ అధికారిని ఒక్క ఫోటో తెమ్మని అడిగి చూడండి. చూడటానికి వచ్చిన మనిషి మాట్లాడటానికి కూర్చుంటారు.

ప్రతి ఫోటో కింద రెండు మూడు వాక్యాలు, పిల్లల సొంత మాటల్లో. అక్షరదోషాలు ఉంటే వాళ్లను అడిగి దిద్దండి, వాక్యాన్ని మాత్రం మీరు నునుపు చేయకండి. చివర ఒకే కోరిక, చేయగలిగినది, ఎవరు చేయాలో పేరు పెట్టి. ‘మా ఆరోగ్యం పట్ల శ్రద్ధ వహించాలి’ అంటే అందరూ తల ఊపి వెళ్లిపోతారు. ‘ఈ తలుపుకు గొళ్లెం కావాలి’ అంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది. ఎప్పటిలోగా చెబుతారో అక్కడే అడిగి రాసుకోండి.

ఏమీ మారకపోవచ్చు కూడా. దీపం గురించి ఇందాక చెప్పింది అందుకే. మొదట్లోనే పిల్లలతో ‘మనం అడుగుతాం, అవుతుందని నేను హామీ ఇవ్వలేను, ఏ జవాబు వచ్చినా మీకు చెబుతాను’ అనండి. అన్న మాట ప్రకారం జవాబు కోసం మీరు తిరగాలి, వచ్చిందో రాలేదో వాళ్లకు చెప్పాలి. పిల్లల చేత నోరు విప్పించి ఆ తర్వాత కనబడకుండా పోయిన పెద్దలను వాళ్లు చాలామందినే చూసి ఉంటారు.

దీని పరిమితి కూడా తెలుసుకోండి. ఎనిమిది మంది ఫోటోలు చూపించి ‘ఇంత శాతం పిల్లలకు ఈ సమస్య ఉంది’ అని రాయలేరు. లెక్కలు కావాలంటే పిల్లలు బయటపెట్టిన విషయాలతో కొత్త ప్రశ్నపత్రం తయారుచేసి ఎక్కువమందికి ఇవ్వండి. ‘ఆసక్తి లేదు’ అన్న గడి పక్కన ‘తిరిగి వచ్చే దారిలో భయం’ అన్న గడి కూడా ఉంటే మీ పాత ప్రశ్నపత్రం ఈసారి నిజం చెబుతుంది.

సమయం గురించి అడిగారు. వారానికి ఒకసారి, రెండు గంటల చొప్పున కలిస్తే ఎనిమిది వారాలు తీరుబడిగా సరిపోతాయి. మొదటి వారం అనుమతులు, జాగ్రత్తలు. రెండో వారం కెమెరా పాఠం, కనబడనిదాన్ని చూపించే అభ్యాసం. తర్వాత నాలుగు వారాలు ఫోటోలు, చర్చ. ఒక వారం గుంపులు కట్టడం, ఆఖరి వారం ప్రదర్శన. మీ చేతిలో మూడు వారాలే ఉంటే ప్రదర్శన పెట్టుకోకండి. అనుమతులు, జాగ్రత్తల పూట మాత్రం తగ్గించకుండా, ఒకే ప్రశ్న, ఒకే చర్చ చేసి, పిల్లలు అడిగిన ఒక్క కోరికను సంబంధించిన మనిషికి చేర్చి, ఆయన ఏమన్నారో వాళ్లకు చెప్పండి.